మూడో అడుగు

మా నాన్న పోయాక నా వాటాకు వచ్చిన ఎకరన్నర పొలం బాపట్లకీ చీరాలకీ మధ్య, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. పొలం అంటున్నాను గానీ అక్కడ మట్టి లేదు, అంతా ఇసకే. నడిస్తే చెప్పుల్లోకి, కూర్చుంటే చీర కుచ్చిళ్ళలోకి, అన్నం తింటే పంటి కిందికి వస్తుంది. కొంత జీడిమామిడి, కొంత సరుగుడు, నీళ్ళున్న మూల కాస్త వేరుశనగ. ఆ నేలలో గట్టు వేస్తే రెండు వానలకు జారి చదునైపోతుంది. కాబట్టి మా దగ్గర హద్దు అంటే గట్టు కాదు, కంచె. అది పడిపోయిందంటే మేకలు రావడం ఒక్కటే కాదు, పక్కవాళ్ళ సరుగుడు వరస కూడా మూరెడు ఇవతలికి జరుగుతుంది.

ఆ కంచె నేను రెండుసార్లు వేయించాల్సి వచ్చింది. మొదటిది పదినెలలు కూడా నిలవలేదు. రెండోది ఇప్పటికి నిలబడింది. ఈ రెండింటి మధ్య నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, ఇసకలో స్తంభాన్ని పట్టుకునేది లోతు, సిమెంటు కాదు. ఇది వినడానికి చిన్నమాటలాగే ఉంటుంది. మా ఊళ్ళో మాత్రం ముగ్గురు నాతో దీనిమీద గొడవపడ్డారు, అందులో ఒకాయన సొంత మేనమామ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి పని ఒప్పుకున్నాయన మెట్ట ప్రాంతం మనిషి. ఎర్రనేలల్లో ఎన్నో తోటలకు ఫెన్సింగ్ వేసిన అనుభవం ఉంది. మనిషి మంచివాడే, మోసం చెయ్యలేదు. (నాతో మాట్లాడాల్సిన ప్రతి మాటా మా ఆయన వైపు చూస్తూ మాట్లాడేవాడు, అది వేరే సంగతి. మా ఆయనకు పొలం ఎటుందో కూడా సరిగా తెలీదు.) ఆయన లెక్క ఇది: 7 అడుగుల సిమెంటు స్తంభాలు, పదేసి అడుగులకు ఒకటి, మొత్తం 110. ఒక్కోదానికి అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంట, అందులో కాంక్రీటు. పైన అయిదు వరసల ముళ్ళతీగ. "ఇసక నేల కదా మేడమ్, అందుకే కాంక్రీటు పోస్తున్నా. మా వైపైతే మట్టి కప్పి దిమ్మిస కొట్టి వదిలేస్తాం" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. నేల వదులైతే సిమెంటుతో గట్టి చెయ్యాలి, అంతే కదా అనుకున్నాను.

ఎర్రనేలలో అడుగున్నర ఎందుకు చాలుతుందో అప్పుడు నేను ఆలోచించలేదు. అక్కడ గునపంతో గుంట తీస్తే గోడలు నిట్టనిలువుగా నిలబడతాయి. ఆ మట్టిలో బంక ఉంది, రేణువూ రేణువూ అతుక్కుని ఉంటాయి. స్తంభం వాలాలంటే ఆ గోడ పగలాలి. ఇసకకు ఆ అతుకు లేదు. పొడి ఇసకని గుప్పిట్లోంచి వదిలితే కుప్ప ఒక వాలు దగ్గర ఆగుతుంది, రమారమి 30 నుంచి 35 డిగ్రీలు. అంతకన్నా నిలువుగా నిలబడదు. అంటే ఎండాకాలంలో మూడడుగుల లోతు గుంట తియ్యాలంటే పైన నోరు పదడుగుల వెడల్పు తెరుచుకుంటుంది. అప్పుడు అది స్తంభం గుంట కాదు, దొరువు. అందుకే ఇసకలో పని చేసే కూలీ ఎవరైనా అడుగున్నర దగ్గర ఆపేస్తాడు. తవ్వినకొద్దీ పూడుతుంటే ఇంకేం చేస్తాడు? ఆ లోటును కాంక్రీటు పూడుస్తుందని వాళ్ళ నమ్మకం. అసలు తప్పంతా ఇక్కడే ఉంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఒక్కో విసురు 110 దాకా. మూడోరోజు మేం వెళ్ళేసరికి 31 స్తంభాలు వాలి ఉన్నాయి. తూర్పు వరసలో 18కి 18. విరిగినవి రెండే, అవి సరుగుడు చెట్టు మీద పడి విరిగాయి. మిగతావి కాంక్రీటు దిమ్మతో సహా, ఊడిన పన్నులాగా వేళ్ళతో పక్కకు ఒరిగి ఉన్నాయి. దిమ్మ ఒక్కటి కూడా పగల్లేదు. సిమెంటులో కల్తీ లేదని దానివల్ల తేలింది, అంతకుమించి ఒరిగిందేమీ లేదు.

తూర్పు వరస మొత్తం పోవడంలో నా తప్పు ఉంది. సముద్రం వైపు నుంచి ఎగిరొచ్చే ఇసక మొక్కల మీద పడుతోందని ఆ వైపు నాలుగడుగుల ఎత్తున ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టించాను. తీగలకు గాలి పెద్దగా ఆనదు, దూరిపోతుంది. వల కట్టాక అది కంచె కాదు, తెరచాప. మన దేశంలో కట్టడాల గాలి లెక్కకు వాడే ఐఎస్ 875 ప్రమాణంలో చిన్న సూత్రం ఉంది: గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలికి అది దాదాపు 47 కిలోల బరువుతో సమానం. నా కంచెలో ఒక్కో స్తంభం వంతుకు పదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు వల వస్తుంది, అంటే 3.7 చదరపు మీటర్లు. సగం గాలి వలలోంచి దూరిపోయిందనుకున్నా స్తంభానికి 80 కిలోల పైన తోపు. ప్రతి స్తంభానికీ ఒక నిండు మనిషి భుజం ఆనించి గంటల తరబడి తోస్తున్నట్టు.

వల లేని వైపులా 13 ఎందుకు వాలాయి మరి? దీనికి జవాబు గాలిలో లేదు, నీళ్ళలో ఉంది. మా ఇసకలో ఎండాకాలం ఆరేడు అడుగులు తవ్వితే గానీ తడి ఊట రాదు. తుపాను రోజుల్లో నీళ్ళు పైకే వచ్చేసి నిలబడ్డాయి. చేదతో నీళ్ళు తోడినవాళ్ళకు ఇది చెబితే చాలు: బావిలో మునిగి ఉన్నంతసేపూ చేద తేలిగ్గా కదులుతుంది, నీటి మట్టం దాటాకే చేతులు లాగేస్తాయి. ఇసక రేణువులకూ అంతే. నీళ్ళలో మునిగిన ఇసక బరువు రమారమి సగానికి పడిపోతుంది. ఇసకకు అతుకు లేదు కాబట్టి దాని పట్టంతా పైనున్న ఇసక బరువు వల్ల వచ్చేదే. బరువు సగమైతే పట్టూ సగమవుతుంది. అంటే గాలి ఎక్కువగా తోసే రోజునే నేల తక్కువగా పట్టుకుంటుంది. కంచె కట్టేటప్పుడు మనం చూసేది ఎండపూట నేలని. కంచె నిలబడాల్సింది తుపాను పూట నేలలో.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆర్కిమెడిస్ సూత్రం ఏటా కనీసం రెండు సెక్షన్లకు బోర్డు మీద రాస్తాను. నా సొంత కంచె కింద అది పనిచేస్తుందని మాత్రం కంచె పడ్డాకే తట్టింది. ఇంట్లో ఈ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఇక లోతు లెక్క. మా తమ్ముడు సివిల్ ఇంజనీరు. వాలిన స్తంభాల ఫోటోలు పంపితే "అక్కా, ఇది బ్రామ్స్ లెక్క, కాంక్రీటుతో అయ్యే పని కాదు" అన్నాడు. స్వీడన్ ఇంజనీరు బెంగ్ట్ బ్రామ్స్ ఇసకలో దిగేసిన పొట్టి స్తంభం పక్కతోపుకు ఎంత ఆగుతుందో 1964లో ఒక సూత్రం కట్టాడు. ఇంజనీర్లు ఇప్పటికీ దాన్ని వాడతారు. దాని సారాంశం ఇది. స్తంభం వెడల్పు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపవుతుంది. లోతు పెంచితే మాత్రం లోతు ఘనం (లోతు × లోతు × లోతు) లెక్కన పెరుగుతుంది, దాన్ని లోతు ప్లస్ పైన తోపు తగిలే ఎత్తుతో భాగించాలి. నా స్తంభాలకు తోపు సగటున నేలకు మూడడుగుల ఎత్తున తగిలింది. అడుగున్నర లోతుకూ మూడడుగుల లోతుకూ లెక్క కడితే తేడా ఆరు రెట్లు వచ్చింది.

ఆరు రెట్లు! నేను కాంక్రీటు పోసి సాధించింది ఆరంగుళాల స్తంభాన్ని అడుగు వెడల్పు దిమ్మ చెయ్యడం, అంటే రెండు రెట్లు. ఇంకో అడుగున్నర కిందికి దించి ఉంటే సిమెంటు బస్తా ఒక్కటి కూడా విప్పకుండా ఆరు రెట్లు.

ఎందుకిలా అంటే, పైపొర ఇసక మీద బరువే లేదు. దాన్ని వేలితో గీసినా పక్కకు జరుగుతుంది. రెండో అడుగులో పైన అడుగు ఇసక బరువుంది, మూడో అడుగులో రెండడుగుల బరువుంది. అంటే మొదటి అడుగు దాదాపు దండగ. పైగా ఇసకనేలలో ఆ మొదటి అడుగు నమ్మకంగా ఉండదు కూడా. గాలికి ఎగిరిపోతుంది, మేకల గిట్టలకు జారిపోతుంది, పంది పొర్లితే గొయ్యి పడుతుంది. అడుగున్నర పాతిన స్తంభం కింద ఒక ఎండాకాలం గడిస్తే అడుగే మిగులుతుంది. బలి చక్రవర్తిని పాతాళానికి దించింది వామనుడి మూడో అడుగే. నా స్తంభాలకు ఆ అడుగే తక్కువైంది.

మా మేనమామ వాదన వేరు. "ఇసకలో ఊరికే పాతితే ఎవడైనా ఊపి పీకేసుకుపోతాడే. కాంక్రీటుంటే పీకలేడు." దొంగతనం మాట నిజమే, మా వైపు స్తంభాలు మాయమవడం ఉంది. కానీ మూడడుగులు దిగిన ఎనిమిదడుగుల స్తంభాన్ని చడీచప్పుడు లేకుండా పీకగలిగినవాడికి పక్కనున్న జీడిపిక్కలు ఏరుకోవడం ఇంకా తేలిక. ఇంకో సంగతి: ఒరిగిపోయిన కాంక్రీటు దిమ్మల్ని మేమే పీకలేకపోయాం. ఇద్దరు మనుషులు, గొలుసు, ట్రాక్టరు. ఒక్కోదానికి అరపూట. కాంక్రీటు లేని స్తంభం వాలితే మర్నాడే దాని మొదట్లో నీళ్ళు పోసి, నిలువుగా తోసి, దిమ్మిస కొడితే మళ్ళీ నిలబడుతుంది. తీరం పక్కన కంచె ఎప్పుడో ఒకప్పుడు వాలక తప్పదు. 1977 ఉప్పెన చూసిన తీరం మనది. వాలకుండా ఉండటం ఎంత ముఖ్యమో, వాలాక సరిచేసుకోగలగడం అంతకన్నా ముఖ్యం అని నేను అంటాను. మామయ్య ఒప్పుకోడు.

ఉప్పు విషయం కూడా చెప్పాలి. సిమెంటు స్తంభంలో సన్నటి ఇనప ఊచలుంటాయి. ఉప్పుగాలీ తేమా పగుళ్ళలోంచి ఊచల్ని చేరితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలినుంచి తన్ని స్తంభాన్ని చీలుస్తుంది. "ఇసక ఇక్కడే ఉందిగా" అని తీరపు ఇసకతోనే కాంక్రీటు కలిపితే ఉప్పుని మనమే చేతులారా లోపల పెట్టినట్టు. అందుకే రెండోసారి నేను రాతి స్తంభాలు తెప్పించాను. రాయలసీమ వాళ్ళు కూసాలంటారు, తెలంగాణలో కడీలంటారు. బరువెక్కువ, లారీ కిరాయి ఎక్కువ, దించేటప్పుడు రెండు ముక్కలయ్యాయి కూడా. అయినా వాటికి తుప్పు టెన్షన్ లేదు. మార్కెట్లో ఎక్కువగా దొరికేవి ఏడడుగులవి. నేను ఎనిమిదడుగులవే కావాలని పట్టుబట్టి ఇరవై రోజులు ఆగాను. మూడు లోపల, అయిదు పైన.

ఇక అసలు చిక్కు, మూడడుగులు దించడం ఎలా? ఇంటర్నెట్లో చూస్తే ఎక్కువగా చలిదేశాల వీడియోలు వచ్చాయి, మంచుకు నేల ఎంత లోతు గడ్డకడుతుందో చూసుకుని దానికన్నా కిందికి పాతమని. బాపట్లలో మంచుకి గడ్డకట్టేది మా ఫ్రిజ్ ఒక్కటే. చివరికి దారి చూపించింది ఫిల్టర్ పాయింట్లు (ఇసకనేలలో వేసే లోతు తక్కువ బోర్లు) దించే బోరు మేస్త్రీ. డెబ్బై దాటిన మనిషి. మా పొలంలో ఫిల్టర్ పాయింట్ నాన్న హయాంలో ఆయనే దించాడు. ఇసకలో ఇరవై ముప్పై అడుగులు పైపు దించేవాడికి మూడడుగులు ఒక లెక్కా? ఇదే నాకు ముందు తట్టాల్సింది. ఇసకలో కంచె వెయ్యడానికి కంచెలు వేసేవాణ్ణి పిలిచాను, ఇసక తెలిసినవాణ్ణి పిలవలేదు.

ఆయన పద్ధతి చూడటానికి తమాషాగా ఉంటుంది. స్తంభాన్ని గుర్తు పెట్టిన చోట ఇద్దరు నిలువుగా పట్టుకుంటారు. ముప్పాతిక అంగుళం ఇనప పైపుకి మోటారు గొట్టం తగిలించి, స్తంభం పక్కనుంచి కిందికి గుచ్చుతూ నీళ్ళు వదులుతారు. నీళ్ళు మొదట్లోంచి పైకి తన్నుకొస్తుంటే ఇసక ఉడుకుతున్న అన్నంలాగా కుతకుతలాడుతుంది. రాయి తన బరువుకి తనే దిగిపోతుంది, అయిదారు నిమిషాల్లో. రెండున్నర అడుగుల దగ్గర నీళ్ళు ఆపేసి, మిగతా అరడుగు పైన చెక్క పెట్టి సుత్తితో కొట్టి దించాడు. "ఎందుకు ఆపావు బాబాయ్, నీళ్ళతోనే దిగిపోతుందిగా" అంటే, "మొత్తం నీళ్ళతో దించితే కింద ఇసక కూడా గుల్లవుద్దమ్మా. కాలు గట్టి నేల మీద ఆనాలి" అన్నాడు. తర్వాత చుట్టూ 20 ఎంఎం కంకర కాస్త, ఇసక కాస్త వేస్తూ, నీళ్ళు పోస్తూ, పొరపొరకీ దిమ్మిస. పొడి ఇసక మీద ఎంత దిమ్మిస కొట్టినా చెదురుతుంది గానీ సర్దుకోదు. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో ఇసక నింపి నీళ్ళు పెట్టేది ఇందుకే. నునుపైన ఇసక రేణువుల కన్నా కోసుగా ఉండే కంకర ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. తీగ లాగడానికి పదిరోజులు ఆగమన్నాడు, ఆగాం.

మోటారూ నీళ్ళూ లేని చోటయితే వేరే దారి ఉంది. బావికి ఒరలు దించడం మన పల్లెల్లో చూసే ఉంటారు. ఒర లోపల నిలబడి ఇసక తోడుతుంటే ఒర దిగుతూ పోతుంది, గోడ కూలే ప్రసక్తి ఉండదు. మూల స్తంభాలకు మేం అదే చేశాం. రెండువందల లీటర్ల డ్రమ్ము రెండు మూతలూ కోయిస్తే రెండడుగుల వెడల్పు, దాదాపు మూడడుగుల ఎత్తు ఇనప ఒర తయారు. అందులోంచి ఇసక తోడి, స్తంభం పెట్టి, కంకర నింపుతూ డ్రమ్మును కొంచెం కొంచెంగా పైకి లాగేయడమే. డ్రమ్ము లోపలే ఉండనివ్వచ్చు గానీ తుప్పుపట్టి పోయాక చుట్టూ ఖాళీ మిగులుతుంది. వద్దు.

కాలం కూడా చూసుకోవాలి. చిన్నప్పుడు ఇసకలో పాదం పెట్టి పిచ్చుకగూళ్ళు కట్టినవాళ్ళకు తెలుసు, పొడి ఇసకతో గూడు నిలవదు, అల తగిలితే కరిగిపోతుంది, చెమ్మగా ఉన్న ఇసకతోనే కుదురుతుంది. కంచె పని కూడా ఆ చెమ్మలోనే. మాకు జనవరి, ఫిబ్రవరి. మే నెలలో సెలవులున్నాయి కదా అని మొదటిసారి నేను మే కోసం ఆగి ఉంటే అడుగున్నర కూడా దిగేది కాదేమో.

ఇంతా చేసి మూలల్ని వదిలేస్తే అంతా వృథా. కంచెకు రోజూ పనిపెట్టేది గాలి కాదు, మనం బిగించిన తీగే. ఒక్కో తీగ మీద యాభై కిలోల లాగు అనుకున్నా అయిదు తీగలకు 250 కిలోలు, పగలూ రాత్రీ, ఒకే వైపుకి. మధ్య స్తంభాలకు అటూ ఇటూ సమానంగా ఉంటుంది కాబట్టి తెలీదు. మూల స్తంభం ఒక్కటే అదంతా మొయ్యాలి. అది రెండంగుళాలు లోపలికి వాలితే వరస మొత్తం తీగలు వేలాడతాయి. మొదటి కంచెకి మూలల్లో ఏటవాలు ఊత పెట్టారు. ఇసకలో ఊత కాలు కిందికి దిగిపోతుంది. దిగకుండా నాపరాయి ముక్క వేస్తే, ఊత మూల స్తంభాన్ని పైకి ఎత్తడం మొదలుపెడుతుంది. బయటివైపు లంగరు వేద్దామంటే అది పక్కవాళ్ళ పొలం. సూర్యలంక బీచ్‌లో షామియానాలు వేసేవాళ్ళు తాళ్ళను ఇసకబస్తాకి కట్టి, బస్తాను పాతిపెడతారు. నేను అడిగాను, పక్కాయన తన నేలలో బస్తా పాతనివ్వలేదు. న్యాయమే, నేనైనా ఒప్పుకోను.

చివరికి జంట స్తంభాలు పెట్టాం. మూల స్తంభానికి ఎనిమిదడుగుల దూరంలో వరసలోనే అంతే లోతు ఇంకోటి. రెండింటి తలల మధ్య అడ్డంగా ఇనప పైపు. రెండో స్తంభం తల నుంచి మూల స్తంభం మొదటికి ఏటవాలుగా రెండు పేటల తీగ, మధ్యలో కర్రముక్క పెట్టి మెలిపెట్టి బిగింపు. కంచె ఎంత లాగితే ఈ చట్రం అంత బిగుసుకుంటుంది. నాలుగు మూలలకు రెండువైపులా, అంటే ఎనిమిది జంటలు. ఖర్చులో ఎక్కువ భాగం ఇక్కడే పెట్టాను.

కాంక్రీటు అసలే వద్దని నేను అనట్లేదు. గేటు స్తంభాలకు పోయించాను, మూడున్నర అడుగుల లోతున, కృష్ణా ఇసకతో. గేటు బరువు రోజుకు పదిసార్లు అటూ ఇటూ ఊగుతుంది, అక్కడ లోతూ వెడల్పూ రెండూ కావాలి. మిగతా వందకు అది దండగ ఖర్చు.

తాటాకు దడి గురించి నోస్టాల్జియాతో రాసేవాళ్ళను చూశాను. మా నాయనమ్మ కాలంలో ఆ పొలం చుట్టూ దడే ఉండేది. గాలిని కొంత ఆపి, కొంత వదిలేది. ఎగిరొచ్చిన ఇసకను తన మొదట్లోనే పోగేసుకునేది. నా షేడ్‌నెట్ చెయ్యలేని పని అది. కానీ ఏటా మళ్ళీ కట్టాలి, కట్టే మనుషులు కావాలి, ఇప్పుడు వాళ్ళు లేరు. కంచె లోపలి వైపు వరసగా తాటిటెంకలు పాతాను, మధ్యమధ్యలో కిత్తనార. తాటిచెట్లు ఎదిగేసరికి నేను రిటైరైపోతాను.

పోయిన నెల పక్క పొలం ఆయన కూడా కంచె మొదలుపెట్టాడు. వెళ్ళి చూస్తే అప్పటికే ఏడడుగుల సిమెంటు స్తంభాలు దింపించేశాడు. బ్రామ్స్ లెక్క ఎందుకులే అని, వామనుడి అడుగు లెక్కే చెప్పాను. అంతా విని, "మూడడుగులు పాతితే పైన నాలుగే మిగులుద్ది కదమ్మా, చూసేవాళ్ళకి ఎట్టా ఉంటది?" అన్నాడు. రెండున్నర పాతమన్నాను. రెండు దగ్గర బేరం కుదిరింది. మూలలకు మాత్రం నా డ్రమ్ము అడిగి తీసుకెళ్ళాడు, ఇంకా తిరిగి ఇవ్వలేదు.